కరుణ చెప్పిన సాక్ష్యం

అక్కా, ప్రభువు నామంలో వందనాలు.
ప్రార్థన కూటంలో తీసిన వీడియో చూసి నా భార్య కరుణ బాగుపడిందనుకోకు. ఊళ్లో కృతజ్ఞత కూటం పెట్టించకు. ఆదివారం ఎల్బీనగర్ ప్రార్థనలో పెద్దలు, "లేచి సాక్ష్యం చెప్పు బిడ్డా, నమ్మి చెప్తే జబ్బు గదే పోతది" అని పట్టుబడితే, స్వస్థత కలిగిందని చెప్పేసింది. అప్పటినుంచి మంచం దిగలేదు, దువ్వెన ఎత్తలేకపోతోంది. ఈ నిస్సత్తువ జబ్బును నయంచేసే మందు లేదట. అలసట రాకముందే పడుకోవాలి, బలవంతంగా నడిపిస్తే ఇంకా కుంగుతుందని డాక్టరమ్మ చెప్పింది. దేవుడే ఏడో దినాన విశ్రమించాడే, ఈమెను లేవమనడానికి వీళ్లెవరు?
అమ్మ కంటి ఆపరేషన్ ఏమైంది? వీలుచూసుకుని నువ్వు రా, వంటకు ఇబ్బందిగా ఉంది. "అబద్ధ సాక్ష్యం చెప్పినందుకు దేవుడు నన్ను కొట్టాడా అండీ?" అని కరుణ అడుగుతోంది. కాదని ఎన్ని వాక్యాలు చదివినా నమ్మడం లేదు. నువ్వు చెబితే వింటుందేమో.
ప్రభువు మీ గడపను కాచును గాక.
తమ్ముడు ప్రసన్నకుమార్, చైతన్యపురి