పాట మధ్యలో నీ జాగా

తమ్ముడూ యాదగిరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. బొల్లారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి నువ్వు పెళ్లి ఊరేగింపుల కోసం జాజ్ పద్ధతిలో కట్టిన పాటలను మీ బ్యాండు వాళ్లు ఇంకా వాయిస్తున్నారు. మధ్యలో నువ్వొక్కడివే ట్రంపెట్ ఊదే చోట మాత్రం డ్రమ్ములే మోగుతున్నాయి. నీ జాగాలో కొత్తగా చేరిన శ్రీనుకు అక్కడ ఊదాలంటే భయం. ఇలాగైతే ఆ పాటలే మానేస్తామని మీ బ్యాండు మాస్టరు అన్నాడు. అందుకే నా ఫోనులో ఏ పెళ్లిది ఆ పెళ్లిగా దాచిన నీ రికార్డింగులన్నీ శ్రీనుకు పంపాను.

ఇవాళ కిష్టారెడ్డిపేటలో మా పక్కింటివాళ్ల పెళ్లి. ఊరేగింపు ముందు శ్రీను నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, పరేషాన్ చేసినవ్. ఒకటే పాట, అన్న ఒక్కో పెండ్లిల ఒక్కో తీరు ఊదిండు. గిండ్ల అసలుది ఏది?"

నాకు నవ్వొచ్చింది.

"ఊదిందే మళ్ల ఊదితే మావోనికి తిన్నది అరగకపోయేది. నీకు తోచింది నువ్వు ఊదు."

"తప్పు పోతే?"

"పెండ్లికొడుకు గుర్రమేమన్న తప్పు పడ్తదా? ఊదు."

ఊరేగింపులో నీ పాట మొదలై, ఆ చోటు వచ్చింది. శ్రీను కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. తడబడ్డాడు, ఎటెటో తిరిగాడు, చివరికి చెమటలు కక్కుతూ పాటలోకి వచ్చి పడ్డాడు. గుర్రం ముందు చిందులేస్తూ ఎగిరేవాళ్లు ఆగలేదు.

నీలా అస్సలు లేదురా. నువ్వుంటే ఈల వేసేవాడివి.

మీ అక్క