తొంభయ్యో పేజీ తర్వాత

నాచారం,
ఆదివారం.

ప్రియమైన అక్క ఉప్పలమ్మకు, నీ చెల్లెలు తారామణి నమస్కారాలు.

ఇక్కడ నేనూ నా బిడ్డ సిరీ వేళకు తింటున్నాం, పనులకు పోతున్నాం. జనగామలో నువ్వూ, రంజిత్, కోడలూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. చెవి మిషన్ మళ్లీ గుయ్యిమంటోందని రాశావు. ఫోన్‌లో నా మాట నీకు అందకపోతే ఏం, ఉత్తరాలున్నాయి కదా. రాత పెద్దగా, వంకరగా ఉందని మాత్రం విసుక్కోకు. సిరి స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. చిల్కానగర్ చిన్నమ్మ ఇల్లు మారలేదు. మేడిపల్లికి పోదామనుకుని, గుడికి దూరమవుతుందని మానుకుంది. సిరికి ఆఫీసు పని కాస్త తగ్గింది, మనిషి కొంచెం ఒళ్లు చేసింది. ఇంగ్లీషువాళ్లు నిజంగానే అన్ని చాయ్‌లు తాగుతారా అన్నావు. ఆ పుస్తకాల్లోనైతే శవం దొరికినా ముందు చాయే పెడతారు!

రెండేళ్ల కింద హబ్సిగూడలో పాత పుస్తకాల బండి మీద ఆ మొదటి పుస్తకం కొన్నప్పుడు మనిద్దరికీ ఇంత పిచ్చి పడుతుందనుకోలేదు. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ ఊరు, రాతి కాలేజీలు, పొద్దున్నే మంచు, లైబ్రరీలో పనిచేసి రిటైరైన మిస్ విన్‌స్లేడ్ సైకిలెక్కి తిరుగుతూ హంతకుల్ని పట్టుకోవడం. నీకు ఇంగ్లీషు రాదని నేను చదివి వారం వారం తెలుగులో రాస్తే, నువ్వు ఆమెకు సైకిలవ్వ అని పేరు పెట్టేశావు. నాలుగు పుస్తకాల్లో మూడింటికి హంతకుడెవరో నాకంటే ముందే చెప్పావు. స్కూల్లో గొంతు పోయేదాకా పాఠాలు చెప్పి, కిక్కిరిసిన బస్సు దిగి ఇంటికొచ్చాక, ఆ ఊళ్లో ఒక గంట తిరిగొస్తే నాకు ప్రాణం తెరిపిన పడేది. అక్కడ ఎంత ఘోరం జరిగినా చివరి పేజీకల్లా అంతా తేలిపోతుంది. ఆ ధీమా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇక నీ చివరి ప్రశ్న. పది రోజులుగా ఆ ఉత్తరం నా దిండు కిందే ఉంది. "తారా, గీ అయిదో కథల సైకిలవ్వ మారిపోయింది. ఎన్నడు ఏడ్వని మనిషి మూడు ఉత్తరాల సంది ఏడుస్తనే ఉంది. గోడ పట్టుకోని నడుస్తుంది. ఏమైంది గామెకు?" అని రాశావు.

చెప్తాను. ముందు స్కూల్లో జరిగింది చెప్పనీ.

మా తొమ్మిదో తరగతిలో కావ్య అని ఒక పిల్ల ఉంది. తల్లి ఇక్కడే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఆ పిల్లను ఇంగ్లీషు పరీక్షలో ఫెయిల్ చేశాను. మొన్న మంగళవారం తల్లి పని మానుకుని, పిల్లను వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది.

"మేడం, రెండు దినాల సంది పిల్ల అన్నం తింటలేదు. జర మళ్ల సూడున్రి."

"దిద్దింది నేనే గదమ్మా. సక్కగనే దిద్దిన," అన్నాను, కొంచెం కటువుగానే.

ఆమె నొచ్చుకోలేదు. పేపరు తెరిచి నా ముందు పెట్టింది. "గీ రెండు పేజీల మీద మీ ఎర్ర పెన్ను గీత గూడ లేదు మేడం."

కాగితం దగ్గరికి పట్టుకున్నాను, దూరం పెట్టాను. అక్షరాల నడుమ బూడిద రంగు మరక, చుట్టూ వంగిపోయిన గీతలు. అక్కడ రాత ఉందని కూడా నాకు తెలియలేదక్కా. కావ్యనే పైకి చదవమన్నాను. నిలబడి చదివింది. ఒక్క తప్పు లేదు. అందరి ముందూ ఆ పిల్లకు క్షమించమని చెప్పి మార్కులు వేశాను. పోతూ పోతూ ఆ తల్లి నా దగ్గరికొచ్చి, "కండ్లు సూపిచ్చుకోన్రి మేడం," అంది మెల్లగా.

మర్నాడే కంటి దవాఖానాకు పోయాను. కంటి వెనక పొరలో నీరు చేరిందట. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు, కుడి కన్నును ఇంజెక్షన్లతో కాపాడడానికి చూద్దాం అంది డాక్టరమ్మ. నెలకొకటి, కంట్లోనే. "ఇన్ని దినాలు ఎందుకు ఆగినవమ్మా?" అని అడిగింది.

నాలుగు నెలలుగా ఆగాను. అయిదో పుస్తకం తొంభయ్యో పేజీ దగ్గర చదవడం నా వల్ల కాలేదు. ఆ తర్వాత నీకు రాసిందంతా నేను అల్లిన కథ. ఏడ్చింది సైకిలవ్వ కాదు. గోడ పట్టుకున్నదీ ఆమె కాదు.

అమ్మకు చూపు పోయాక పదకొండేళ్లు నువ్వే అన్నం కలిపి పెట్టావు, చెయ్యి పట్టి నడిపించావు. నేను సెలవులకు చుట్టంలా వచ్చి పోయాను. ఇప్పుడు నాకూ అదే మొదలైందని నీకు ఏ ముఖంతో రాయను? ఉత్తరాలు ఆపితే అనుమానిస్తావని కథ అల్లుతూ పోయాను. నాకు సిరి ఒక్కతే కదక్కా. నా కోసం దాని బతుకు కూడా నీ బతుకులా ఒక గదిలో ఆగిపోతుందేమోనని పగలంతా అదే గుబులు.

నిన్న సిరికి చెప్పేశాను. "పెద్దమ్మకు అబద్ధాలు రాసినవ్, నాకు గూడ చెప్పకపోతివి!" అని కేకలేసి, బాల్కనీలోకి పోయి ఏడ్చింది. తర్వాత పుస్తకం తెచ్చి, నేను ఆపిన చోటి నుంచి పైకి చదివింది. నేను హంతకుణ్ణి చేసిన ఆ ముసలి ప్రొఫెసరు పాపం ఏ తప్పూ ఎరగడు. అసలు కథ మళ్లీ రాస్తాను. నన్ను క్షమించు.

మొదటి ఇంజెక్షన్ వచ్చే వారం గురువారం పొద్దున. సిరి సెలవు పెట్టింది. అమ్మకు చేసిన చాకిరీయే చాలు, నిన్ను పిలవకూడదని ఇన్నాళ్లు పంతం పట్టాను. ఈ రోజు పిలుస్తున్నాను. బుధవారం బస్సెక్కి ఉప్పల్‌లో దిగు, సిరి వచ్చి తీసుకొస్తుంది.

సూది వేసేటప్పుడు కదలకూడదట. లోపలికి ఎవరినీ రానివ్వరట. తలుపు బయట బెంచీ మీద నువ్వు కూర్చున్నావని తెలిస్తే, నేను కదలకుండా పడుకోగలను.

ఇట్లు,
నీ దగ్గర ఇక ఏదీ దాచని చెల్లెలు,
తారామణి