పన్నెండో పేరు

ఆళ్లగడ్డ,
మార్చి 9, సోమవారం.

నాయనకు, నీ పెద్దకూతురు వాసవి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మనుషులం అందరం బాగున్నాం, బాగాలేనిది మిల్లొక్కటే. అక్కడ నువ్వూ, చెల్లెలు హిమబిందూ, మరిదీ బాగున్నారని తలుస్తాను. ఫోనులో నీకు వినబడదు, నీకు వినబడేట్టు అరిస్తే మన వీధంతా వింటుంది. ఇప్పుడు చెప్పబోయే సంగతి వీధికి అక్కరలేదు కాబట్టి కాగితం మీదే రాస్తున్నాను.

నీ కార్డు శుక్రవారం అందింది. దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం. తగ్గింది కదా అని సున్నిపెంట నుంచి బస్సెక్కి వచ్చేయకు. మిల్లు దుమ్ముకు ఆరు నెలలు దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు, మూడు నెలలని కాదు. అమ్మ మోకాలు అట్లాగే ఉంది, నూనె రాయించుకోమంటే తిడుతుంది, అంటే బాగానే ఉందని లెక్క. గోడౌను రేకు మార్పించాను. కొలిమిగుండ్ల నుంచి శనగలు రావడం మొదలైంది, గింజ ఈ ఏడు బాగుంది. ఏలీయా ఎట్లున్నాడని అంత చిన్న కార్డులో రెండుసార్లు అడిగావు, మొదట ఒకసారి, అంచున ఇరికించి ఇంకోసారి. పోయిన కార్డులోనూ అడిగావు, బాగున్నాడని రాశాను. దాని దగ్గరికి తర్వాత వస్తాను. కొత్త మిషను ఎట్లా ఆడుతోందని కూడా అడిగావు. అది ఆడటం లేదు నాయనా. కథంతా చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

గింజ రంగు చూసి మంచిదీ చెడ్డదీ వేరుచేసే మిషను తెచ్చామే కానీ, దాన్ని నడపడం మన వాళ్లకెవరికీ రాదు. కంపెనీ మనిషి వచ్చి రెండు గంటలు ఏదో చెప్పి కాఫీ తాగి వెళ్లిపోయాడు. మళ్లీ రావాలంటే రోజుకింత అని అడిగాడు. అప్పుడే పేపర్లో చూశాను, పనివాళ్లకు శిక్షణ ఇప్పించే యజమానికి ఆ ఖర్చులో చాలా భాగం ప్రభుత్వమే ఇస్తుందని. చదివి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మన మిల్లుకోసమే పెట్టినట్టుంది అనుకున్నాను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడు. నంద్యాలలో ఆ ఆఫీసుకు ఏడుసార్లు పోయాను. మొదటిసారి మిల్లు కరెంటు బిల్లు నీ పేరున ఉందన్నారు. రెండోసారి సర్వరు లేదు. మూడోసారి సర్వరుంది, మనిషి లేడు. నాలుగోసారి ఇద్దరూ ఉన్నారు, నేను పెట్టిన ఫొటోలో మిల్లు బోర్డు కనబడలేదన్నారు. ఆళ్లగడ్డలో తెల్లారి బస్సెక్కి, అక్కడ బెంచీమీద మధ్యాహ్నం దాకా కూర్చుని, బోర్డు కనబడలేదనిపించుకుని తిరిగొచ్చాను. ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చున్నావిడ నా ముఖం చూసి ఎవరు పోయారమ్మా అని అడిగింది.

అక్కడ కౌంటరులో జీవన్ కుమార్ అనే అతను ఉంటాడు. మంచివాడే, మనసులో ఏమీ ఉండదు, నోట్లోనే అంతా. దరఖాస్తులో శిక్షకుడి పేరు రాయాలన్నాడు. నేను ఏలీయా పేరు చెప్పాను. మిషను గురించి కంపెనీ మనిషి చెప్తాడు, గింజ గురించి మన మనిషి చెప్పాలి కదా. ముప్పై రెండేళ్లుగా శనగలు పప్పు చేసే మా రోలర్ల దగ్గరుండే మేస్త్రి అని చెప్పాను. శనగలు తడిపి, కుప్ప పోసి, కళ్లంలో ఆరబెట్టాక, నాలుగు చోట్ల నుంచి నాలుగు గింజలు తీసి పంటికింద కొరికి చూస్తాడని, ఆయన ఊ అంటేనే మా నాయన స్విచ్ వేస్తాడని, నాయన చెవులు పోయాక ఆ ఊ అనే దానికి బదులు చెయ్యెత్తుతాడని, ఇన్నేళ్లలో ఒక్క కుప్ప కూడా చెడలేదని చెప్పాను. జీవన్ కుమార్ అంతా విన్నాడు.

"అంతా బాగుండాది మేడమ్. ఆయప్ప ఏం చదివినాడు?"

"చదువుకోలేదు."

"సర్టిఫికెట్టు?"

"లేదు."

"అయితే ఆయప్ప శిక్షకుడు కాల్యాడు. సర్టిఫికెట్టు ఉండేటోన్ని మేమే పంపిస్తాం. నేర్చుకునేటోళ్లు పన్నెండు మంది ఉండాల. ఒక్కరు తగ్గినా కంప్యూటరు తీసుకోదు."

మన మిల్లులో ఏలీయా కాక పదకొండు మంది. పన్నెండో పేరు కోసం నేనక్కడే బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. అమ్మ పేరు రాద్దామనుకున్నాను, వయసు దాటింది. చివరికి ఏలీయా పేరే పన్నెండోదిగా చేర్చాను. గురువుగా పనికిరానివాడు శిష్యుడుగా పనికొచ్చాడు. వారంలో మంజూరు కాగితం వచ్చింది.

ఫిబ్రవరిలో క్రాంతి కుమార్ అనే శిక్షకుడు వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి, మర్యాదస్తుడు, మిషను గురించి నిజంగానే తెలిసినవాడు. కానీ అతనికి ఇచ్చిన పాఠం పుస్తకం మొదటినుంచి చెప్పాలట. గోడమీద బొమ్మలు వేసి, శనగ అనగా ఒక పప్పుధాన్యము అని మొదలుపెట్టాడు. మన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఫొటోలో పద్ధతిగా కనబడాలని షామియానా వాళ్ల దగ్గర కుర్చీలు తెప్పించాను. ఏలీయా ముందు వరసలో కూర్చున్నాడు. అప్పుడు తట్టింది నాకు, ముప్పై రెండేళ్లలో మన మిల్లులో ఆయన కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారని.

"నన్నెందుకు పాపా కూర్చోమంటాండావ్? ఆడ కుప్ప ఆరతాండాది" అన్నాడు.

"ఊరికే, ఫొటో కోసం అన్నా" అన్నాను.

పదిరోజులూ కూర్చున్నాడు. చివరి రోజు పరీక్ష. క్రాంతి కుమార్ ఫోను చూసి ప్రశ్నలు చదువుతాడు, జవాబులు నాలుగు చదువుతాడు, ఏదో ఒకటి చెప్పాలి. గింజలో తేమ ఎంతుందో దేనితో తెలుసుకుంటావు అని వచ్చింది. నాలుగు జవాబులూ చదివాడు, నాలుగూ మిషన్ల పేర్లే.

"పంటితో" అన్నాడు ఏలీయా.

"ఈ నాలుగిట్లో చెప్పాలన్నా."

"ఆ నాలుగిట్లో ల్యాదప్పా. నేనేం చేయల్ల?"

అట్లా నలభై ప్రశ్నలు. మధ్యాహ్నం క్రాంతి కుమార్ అందరి ముందరా ఫలితాలు చదివాడు. పదకొండు మంది పాసు. మన రోలర్ల కింద పొట్టు ఊడ్చే పిల్ల కూడా పాసే. చివర చదివాడు, ఏలీయా, వయసు యాభై ఎనిమిది, అనుభవం లేదు, ఫెయిల్ అని. ఎవరూ నవ్వలేదు. ఏలీయా లేచి కుర్చీని ఎక్కడున్నదాన్ని అక్కడ సర్ది నా దగ్గరికి వచ్చాడు.

"అనుభవం ల్యాదని ఎవురు రాసినారు పాపా?" అన్నాడు.

నేనేదో జవాబు చెప్పాను. ఆయన తలూపి, పంపు దగ్గర చేతులు కడుక్కొని, భుజం మీది తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు. మరుసటి రోజు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు.

అలిగాడనుకున్నాను. రెండు రోజులు పోతే వస్తాడులే అనుకున్నాను. అమ్మ మాత్రం, "ఏలీయా ల్యాకుండా రోలర్లు తిప్పితే నేను మిల్లులో అడుగు పెట్టను" అని చెప్పేసి ఇంట్లో కూర్చుంది. శనగలు వచ్చిపడుతున్నాయి, బ్యాంకువాళ్లు ఫోన్లు చేస్తున్నారు. మనకిప్పుడు సర్టిఫికెట్లున్న వాళ్లు పదకొండు మంది ఉన్నారు కదా అని ధైర్యం చేశాను. కుప్పలో తేమ మిషను గుచ్చితే సరిగ్గా ఉండవలసిన అంకే చూపించింది. స్విచ్ నేనే వేశాను. పై గింజ ఆరింది, కుప్ప అడుగున గింజ ఆరలేదు. సగం పొట్టు ఊడలేదు, ఊడినదంతా నూక. నలభై మూటలు, నాయనా. నీ హయాంలో ఒక్క మూట చెడలేదు. నేను ఒక్క పూటలో నలభై చెడగొట్టాను. అందరిమీదా అరిచాను. తేమ మిషన్ను నేలకేసి కొట్టబోతే, దాన్ని తీసుకుపోవడానికి వచ్చిన క్రాంతి కుమార్ పట్టుకున్నాడు, అది ప్రభుత్వానిదట.

నిన్న ఆదివారం, చర్చి వదిలే వేళకు కాలనీకి పోయాను. ఏలీయా అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, ఇంట్లోంచి స్టూలు తెచ్చి వేశాడు. అలక ముఖంలా లేదు. నూక సంగతి అప్పటికే తెలిసింది ఆయనకు.

"కుప్ప అడుగున చూసినారా?" అని అదే మొదట అడిగాడు.

"లేదన్నా. నువ్వెందుకు రావడం లేదు? నామీద కోపమా?"

"నీమీద నాకేం కోపం పాపా. ఆ పాఠం చెప్పే పిల్లోడు చెప్పినాడు, నెలాఖరులో ఆఫీసరు చూసేకి వస్తాడంట. ఫెయిలయినోడు మిషన్ల కాడ కనపడితే నీకు రావాల్సిన దుడ్లు నిలబెడతారంట. నా మూలంగా నీకు నష్టమెందుకు? వాళ్లు వచ్చి పోయినాక చూస్తాంలే. అనుభవం ల్యాదని రాసిన ఆ ఆఫీసోళ్లదే తప్పు. నీదేముండాది."

నాయనా, ఇంతసేపూ దాచింది ఇప్పుడు చెప్తున్నాను. ఆ మాట ఆఫీసువాళ్లు రాయలేదు. నేనే రాశాను. పేరు చేర్చాక ఎదురుగా ఇంకో గడి ఉంది, ఈ పనిలో అనుభవం ఎన్నేళ్లు అని. ముప్పై రెండు అని రాయబోతుంటే జీవన్ కుమార్ ఆపాడు. "తెల్సినోళ్లకు నేర్పించేకి గవర్మెంటు దుడ్లు యాల ఇస్తాది మేడమ్?" అన్నాడు. మాట సబబుగానే తోచింది. కాగితమే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను. లేదు అని నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టాను. ఆ రోజు మిల్లులో ఏలీయా అడిగినప్పుడు, ఆఫీసోళ్లు రాశారన్నా అని ఆయన కళ్లలోకి చూసి చెప్పాను. అమ్మకూ అదే చెప్పాను. ఆయన నాకోసం ఇంట్లో కూర్చున్నాడని తెలియదు కానీ, ఆఫీసరు వచ్చి పోయే దాకా రాకపోతే మంచిదేనని నేను కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను. అది కూడా రాస్తున్నాను. నువ్వు చదవాలి.

అరుగుమీద ఇవన్నీ ఆయనకు చెప్పేశాను. ఏలీయా లోపలికి పోయి బైబిలు తెచ్చి, అందులోంచి ఒక కాగితం తీశాడు. మన మిల్లు చీటీ. పసుపుపచ్చగా అయిపోయింది, మడతల దగ్గర టేపు అంటించి ఉంది. నీ చేతిరాత.

చెవి ఆపరేషనుకు నువ్వు కర్నూలు పోయి నెలరోజులు ఉన్న ఏడాది రాసినదట. అప్పటి గుమాస్తా ఏలీయా మాట లెక్కచేయడని నువ్వు రాసిచ్చి పోయావట. నీకు గుర్తుందో లేదో, ఇట్లా ఉంది: "ఇతను ఏలీయా. మా మిల్లు మేస్త్రి. ఇతను ఊ అననిదే ఎవరూ స్విచ్ వేయరాదు. నా మాటగా ఎంచవలెను. విశ్వేశ్వరయ్య."

"నేను చదవల్యాను కానీ ఏముండాదో నాకు తెల్సు. నాకుండే సర్టిఫికెట్టు ఇదొకటే" అన్నాడు. "నువ్వు రాసిందీ కాగితమే, మీ నాయన రాసిందీ కాగితమే. రెండిట్లో ఏది చెల్తాదో నేను చెప్పల్యాను. మీ నాయనకు అంతా రాయి పాపా, దాచకుండా రాయి. ఆయప్పను అడుగు, ఇది ఇంకా చెల్తాదా అని."

స్టూలు మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. కాగితం మడిచి మళ్లీ బైబిల్లో పెట్టుకున్నాడు.

ఈ ఉదయం నంద్యాల ఆఫీసుకు ఎనిమిదోసారి పోయి, ఆ గడిలో రాసింది అబద్ధమని, ఏలీయాకు ముప్పై రెండేళ్ల అనుభవం ఉందని రాసిచ్చాను. జీవన్ కుమార్ తల పట్టుకున్నాడు. "పదకొండే అయితారు మేడమ్, మొత్తం పోతాది" అన్నాడు. పోనీ అన్నాను. బ్యాంకు కంతు ఎట్లా కట్టాలో నాకింకా తెలియదు, ఏదో చేస్తాను. క్రాంతి కుమార్ మాత్రం సెలవురోజుల్లో వచ్చి మిషను నేర్పిస్తానన్నాడు. పంటితో చూడటం ఏలీయా దగ్గర తను నేర్చుకోవాలట.

ఇంటికొచ్చి అమ్మకు కూడా చెప్పాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు కళ్లంలో ఒక కుప్ప ఆరుతోంది. రేపటికి సిద్ధమవుతుందో ఎల్లుండికో నాకు తెలియదు, తెలుసని ఇంకెప్పుడూ అనను. పాడైతే పాడవనీ, స్విచ్ వేయను. నీ జవాబు నాకు రాయకు నాయనా, ఏలీయా పేరున రాయి, కాలనీ చర్చి దగ్గర అని రాస్తే అందుతుంది. పాస్టరు తిమోతి ఆయనకు చదివి వినిపిస్తాడు. నన్ను తిట్టదలచుకుంటే అందులోనే తిట్టు, అందరూ వింటే వింటారు. కానీ నాలుగు మాటలే అయినా నీ చేత్తోనే రాయి, హిమబిందు చేత రాయించకు. నీ చేతిరాతను ఏలీయా గుర్తుపడతాడు.

ఇట్లు,
ఏలీయా చెయ్యెత్తే దాకా ఆగివుండే
నీ పెద్దకూతురు,
వాసవి