ఈసారి ఆటకి రావొద్దు

నరసరావుపేట,
3-11-1946

రాజారత్నం అన్నకు వందనాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మన ఫుట్‌బాల్ టీమే క్షేమంగా లేదు.

శనివారం మాచర్ల వాళ్లతో షీల్డు ఆట ఉంది. పదకొండో మనిషి దొరక్క, నిన్ను రమ్మని సెక్రటరీ గారు శావల్యాపురానికి ఉత్తరం రాశారట. అన్నా, నీకు దండం పెడతా, రావొద్దు.

నీకు నలభై మూడేళ్లు. ఆట మానేశానని చెప్పి ఆరేళ్లయింది. అయినా ఏటా మన టీము పెద్దలు పిలవడం, నువ్వు కుంటుకుంటా వచ్చి గెలిపించి పోవడం! ఈ ఆరేళ్లలో ఒక్క కుర్రాణ్ణన్నా తయారు చేశారా? బడిపిల్లలు గుడ్డపీలికల బంతితో ఆడుతున్నారు, పాత బంతి ఒకటి ఇవ్వండయ్యా అని నేనూ ఏలియా బాబాయీ మూడుసార్లు పోయి అడిగాం. "షీల్డు మనదేగా, ఇంక పిల్లకాయలతో పనేంది?" అన్నారు. ఆ బంతుల్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎలకలు కొరికిపారేసినయ్.

నువ్వు గెలిపించినన్నాళ్లూ వాళ్లకి పిల్లలు కనపడరు. ఒక్కసారి చిత్తుగా ఓడితే కళ్లు తెరుస్తారేమోనని నా ఆశ. తెరవరని కూడా తెలుసు. అయినా రావొద్దు.

ఇంత రాసినా నువ్వు వస్తావు. నీ సంగతి నాకు తెలవదా? నీ మోకాలికి కట్టడానికి మా ఇంటిది పాత పంచె చించి ఉంచింది. చించమన్నది నేనే. మైదానం గీత పక్కన నిలబడి గొంతు పోయేదాకా అరిచేదీ నేనే.

నీ తమ్ముడు