నొప్పి పదికి ఎంత

మార్చి 3
క్యాజువాలిటీలో నా పని ఒక్కటే ప్రశ్న. నొప్పి పదికి ఎంత? వాళ్లు చెప్పిన అంకె చీటీ మీద రాయాలి. ఇవాళ పద్నాలుగు మంది వస్తే పదకొండు మంది పది అన్నారు. ఒకాయనకు వేలు గీసుకుపోయింది. ఆయనా పదే.

మార్చి 6
ఇన్‌చార్జి సిస్టర్ చివాట్లు పెట్టింది. పది అన్నవాళ్లకు నేను ఆరు రాస్తున్నానని పట్టేసింది. అందరూ గోరంతను కొండంత చేస్తున్నారు, అందుకే కోస్తున్నాను అన్నాను. కోసేందుకు సర్జన్ ఉన్నాడు, నువ్వు వాళ్లు చెప్పింది రాయి చాలు అంది. తప్పు నాదే. అయినా ఉక్రోషంగా ఉంది.

మార్చి 9
అక్క ఫోన్. తలనొప్పితో చచ్చిపోతోందట. పోయిన వారం పంటినొప్పితో చచ్చిపోయింది. అంతకుముందు కొత్త చెప్పు కరిచి. బావయితే లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాడు. డ్యూటీ మధ్యలో లేచొచ్చి ఫోనెత్తానేమో, ఒళ్లు మండిపోయింది. ఇకమీదట కథలు వద్దు, అంకె చెప్పు, దాన్ని బట్టి వస్తాను అన్నాను. అక్క సరే అని పెట్టేసింది.

మార్చి 15
ఆరు రోజులుగా అక్క ఫోన్ లేదు. ప్రాణానికి హాయిగా ఉంది. రెండుసార్లు ఫోన్ తీసి చూసుకున్నాను.

మార్చి 17, మధ్యాహ్నం 2.10
అక్క ఫోన్. కడుపులో కొంచెం నొప్పిగా ఉందంది. ఎంత అన్నాను. నాలుగు అంది. మీ బావ క్యాంపుకెళ్లాడు, నీకు వీలైతే రా అంది. అంతే.
వీలైతే! పుట్టి బుద్ధెరిగాక మా అక్క నోట ఆ మాట వినలేదు. మా ఆసుపత్రి అంబులెన్సు పంపిస్తున్నాను, అందులో నేనూ వెళ్తున్నాను.

సాయంత్రం 6
అపెండిక్స్ పగిలిందట. థియేటర్‌లోకి తీసుకెళ్లారు. చీటీ నేనే నింపాను. అక్క చెప్పిన నాలుగే రాశాను. సిస్టర్ చూసి, కింద కళ్లకు కనిపించేది కూడా రాయమంది. ముఖం పాలిపోయింది. చెమటలు. పొట్ట గట్టిగా ఉంది, తాకనివ్వడం లేదు. ఒక్క మాటా ఎక్కువ రాయలేదు. చదివిన సర్జన్ ఆగలేదు.
నొప్పి నిన్న రాత్రే మొదలైందట. పది అంటే నేను తిడతానని నాలుగు అందట. అంబులెన్సులో చెప్పింది. నాకు భయంగా ఉంది.

మార్చి 18
అక్కకు తెలివొచ్చింది. పదికి ఎంత అని అడిగాను.
లక్ష అంది.
లక్ష అనే రాశాను.