బాల్కనీ బయట కాదు

శుక్రవారం, మధ్యాహ్నం

టీచరుగారికి, మా మూడో అంతస్తు నుంచి నమస్కారాలు.

మీరూ మీ క్లాసు పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే. ఆ ముక్కే మొన్న మంగళవారం ఫైరింజను వాళ్ళకి కూడా చెప్పాను గానీ, నమ్మించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

అసలేం జరిగిందో రాసి పంపమన్నారు. వచ్చే సోమవారం స్వయంగా బడికి రమ్మని కూడా అన్నారు. మొదటిది చేస్తాను. రెండోది కుదరదు, ఎందుకు కుదరదో చివర్లో రాస్తాను. కోపంగా రాస్తున్నానని మీకు అనిపిస్తే సరిగ్గానే అనిపించిందనుకోండి.

మా అమ్మాయిని ఇంట్లో జడ్జమ్మ అంటాం. పంతొమ్మిదేళ్ళొచ్చినా మాటని మాటగానే తీసుకుంటుంది. ఒక్క నిమిషంలో వస్తానే అంటే వెళ్ళి గడియారం ముందు నిలబడుతుంది. నిమిషం దాటిందా, ముద్దాయిని నేనే. ఏ బడీ చేర్చుకోని అలాంటి పిల్లని మీరు చేర్చుకుని, పోస్టాఫీసు, ఆసుపత్రి, లైబ్రరీ, పోలీసు స్టేషను అన్నీ తిప్పి, ఎక్కడ ఏ పని జరుగుతుందో, ఎవరిని ఏమని అడగాలో నేర్పుతున్నారు. మంచిదే, కాదనను. స్టాంపు ఏ మూల అంటించాలో ఇప్పుడు వాళ్ళ నాన్నకే పాఠం చెబుతోంది. లారీ మీద ఊళ్ళూళ్ళూ తిరిగే మనిషి, కూతురి ముందు చేతులు కట్టుకుని వింటాడు. మొన్న సోమవారం ఫైర్ స్టేషనుకి తీసుకెళ్ళారు చూడండి, అక్కడొచ్చింది తంటా.

మంటలార్పడం ఒక్కటే మా పని కాదు, లిఫ్టులో గానీ గదిలో గానీ ఎవరైనా చిక్కుకుపోయి బయటికి రాలేకపోతే అదీ మాకే చెప్పాలి అని అక్కడి ఆఫీసరుగారు అన్నారట. మిగతా పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని ఫొటోలు దిగుతుంటే మా జడ్జమ్మ ఆ మాట మూటగట్టుకుని ఇంటికొచ్చింది. ఆ సాయంత్రమంతా నన్నే చూస్తూ కూర్చుంది. కుట్టుమిషను తొక్కుతున్నా చూసింది, వంట చేస్తున్నా చూసింది. ఏమిటే ఆ చూపు అంటే ఏం లేదంది.

మర్నాడు బడి వ్యాను దిగి పైకి రాలేదు. ఫైర్ స్టేషను మా వీధి చివరే కదా, తిన్నగా అక్కడికి వెళ్ళింది. మీరు నేర్పినట్టే తన పేరు, ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు, మెట్లకి ఏ పక్క తలుపు, అన్నీ పొల్లుపోకుండా చెప్పిందట. ఆ తరవాత, మా అమ్మ లోపల చిక్కుకుపోయింది, బయటికి రాలేకపోతోంది అందట.

ఇవేవీ నాకు తెలియవు. ఆ సమయానికి ఎదురింటివాళ్ళ కర్టెన్లకి అంచులు మడుస్తున్నాను, నోటినిండా గుండుసూదులు. దూరంగా గంట మోత వినిపిస్తే ఎవరి కొంప అంటుకుందో పాపం అనుకున్నాను. ఆ మోత వచ్చి మా గుమ్మం కిందే ఆగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. బార్లా తీసి ఉన్న తలుపులోంచి నలుగురు మనుషులు దూసుకొచ్చారు, ఒకతని చేతిలో గొడ్డలి కూడా ఉంది. చిక్కుకుపోయిన మనిషి ఎక్కడ అని వాళ్ళు అడుగుతుంటే, సూదులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసేదాకా నేను నోరు విప్పలేకపోయాను. ఈలోగా ఒకతను వెళ్ళి స్నానాల గది తలుపు తట్టేశాడు కూడా.

ఎవరూ చిక్కుకోలేదు బాబూ, ఉన్నది నేనొక్కదాన్నే, నేను నిక్షేపంలా ఉన్నాను అన్నాను. వాళ్ళతో వచ్చిన ఆఫీసరుగారు తెరిచి ఉన్న తలుపుని చూశారు, నన్ను చూశారు. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. అయితే ఒక్కసారి కిందికి రండమ్మా, అమ్మాయి మా బండి పక్కనే నిలబడి ఉంది, మీరు బయటికొచ్చి కనబడితేగానీ కదలనంటోంది అన్నారు.

అంతమాత్రానికి కిందికెందుకని బాల్కనీలోకి వెళ్ళాను. వీధి వీధంతా మా ఇంటి ముందే ఉంది. మధ్యలో ఎర్రబండి, దాని పక్కన సంచీ భుజాన తగిలించుకుని మా జడ్జమ్మ. చెయ్యూపి, ఇదిగో బయటే ఉన్నానుగా, ఇక పైకి రా అని కేకేశాను. అది తల పైకెత్తి, అందరికీ వినబడేలా చెప్పింది.

"అది బయట కాదమ్మా. అది బాల్కనీ."

జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను మరి. ఆఫీసరుగారు మాత్రం నవ్వలేదు. సరే పదండి అని మెట్లు కూడా దిగబోయాను. మొదటి మలుపు దాకా వెళ్ళాక ఇస్త్రీ పెట్టె ఆపానో లేదోనని గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాను. చివరికి కింది ఇంటి పిన్నిగారు దాన్ని బతిమాలి పైకి తీసుకొచ్చారు. బండి వెళ్ళిపోయింది.

ఇక అసలు సంగతి. పిల్లలు ఒంటరిగా బస్సెక్కి లైబ్రరీకి వెళ్ళి రావడం ఆ సోమవారమే మొదలుపెడుతున్నామనీ, మొదటిసారి తల్లో తండ్రో వెంట వెళ్ళి తీరాలనీ రాశారు. అలా రాకపోతే ఆ పిల్ల చోటు ఇంకొకరికి ఇస్తామని కూడా రాశారు. వాళ్ళ నాన్న నెలాఖరుకి గానీ రాడు. నాకు ఊపిరి సలపనంత పని. ఊళ్ళో బడులు తెరిచే రోజులు, యూనిఫాంలు గుట్టలుగా పడి ఉన్నాయి. పైగా మోకాళ్ళ నొప్పులు. ఆ పిల్ల కోసం పుట్టింటికి వెళ్ళడం మానుకున్నాను, సినిమాలు మానుకున్నాను, కట్టుకున్న మనిషితో నాలుగు ఊళ్ళు తిరగడం మానుకున్నాను. ఎవరినడిగినా చెబుతారు. దాన్ని చూసుకోవడానికి నేనున్నాను, దానికి బస్సులూ లైబ్రరీలూ ఎందుకు? దయచేసి క్లాసులోంచి దాని పేరు కొట్టెయ్యండి.

ఈ సంగతి దానికింకా చెప్పలేదు. రోజూ పొద్దున్నే లేచి కుర్చీలు వరసగా వేసుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా, లైబ్రరీకి ఒక టికెట్ ఇవ్వండి అని అడుగుతోంది. వెనక కుర్చీలో నన్ను కూర్చోమంటుంది. నేను పనుందంటే, ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకుండా సంచీ పెట్టి ఉంచుతుంది.

మీరు మంచివారు, మీ మీద నాకు పగేమీ లేదు. కాస్త దురుసుగా రాసుంటే మన్నించండి.

ఇట్లు,
మీ క్లాసులో కిటికీ పక్కన కూర్చునే పిల్ల తల్లి

తా.క.: కవరు అంటించేశాక మళ్ళీ చించాను. ఇస్త్రీ పెట్టె మాట అబద్ధం. మోకాళ్ళూ బాగానే ఉన్నాయి. మెట్ల మలుపులో నాకు ఊపిరాడలేదు, గోడ పట్టుకుని కూలబడిపోయాను. ఆఫీసరుగారు చూశారు. చూసి, వెనకున్నవాళ్ళకి నేను కనబడకుండా అడ్డంగా నిలబడ్డారు. అక్కడి నుంచి ఇంట్లోకి పాక్కుంటూ వచ్చాను.

ఈ మెట్లు దిగి మూడేళ్ళయింది. ఒకరోజు బజారులో క్యూలో నిలబడి ఉండగా చచ్చిపోతున్నాననిపించింది. దాంతో బజారు మానేశాను. తరవాత వీధి మానేశాను, ఆ తరవాత మెట్లు. సరుకులు పిన్నిగారు తెస్తారు, గుడ్డలు షాపువాళ్ళే పంపుతారు, ఆయనొచ్చినప్పుడు ఒంట్లో నలతగా ఉందంటాను. కూతురి కోసం ఇల్లు కదలడం లేదు మహాతల్లి అని అందరూ అంటుంటే కాదనలేదు. హాయిగా ఉండేది ఆ మాట. అది ఒంటరిగా బస్సెక్కడం నేర్చుకుంటే ఇక నేను ఎవరి కోసమని ఇంట్లో కూర్చోవాలి? అందుకే పేరు కొట్టెయ్యమన్నాను. కొట్టెయ్యకండి.

ఇదెవరికీ తెలియదనుకున్నాను. దానికి తెలుసు. తెలిసి ఎవరితో చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకుంది.

సోమవారం రావాలనే ఉంది. గడప దాకా వస్తాను, ఆపైన నా చేతిలో లేదు. బస్సు వేళకన్నా ముందుగా మీరే ఒకసారి ఇటు రాగలరా? వస్తే కింద నిలబడి పిలవకండి టీచరుగారూ. పైకి రండి.