కొండమీది దేవుని పేరున్న సిపాయి

ఎమ్మిగనూరు, 4-6-1979

పాత సిపాయిల దస్తావేజుల కార్యాలయం, ఆదోని, గుమాస్తా సేతుమాధవరావు గారికి,

నేత మార్కండేయులు దండం పెట్టి రాసుకునేది. యుద్ధకాలం రికార్డులన్నీ మీరు ఫిల్ములోకి ఎక్కించినారని విన్నాను. మా నాయన తిమ్మప్ప నలభై రెండులో పటాలంలో చేరి బర్మా పోయినాడు. మూడేండ్లలో ఒక్క ఉత్తరం రాలేదు. "రాసినానే" అని పోయేదాకా చెప్పినాడు. "బర్మా లేదు, గిర్మా లేదు. బళ్లారిలో ఎవతితోనో కాపురం పెట్టినాడు" అంటుంది మా అమ్మ శ్రీశైలమ్మ. ఆయన పోయి పది నెలలు. పటం గోడకెక్కనీయదు, నూలుగంపలో బోర్లా పెట్టింది. సంవత్సరీకం లోపల నిజం తేల్చండి.

మీ మార్కండేయులు

తా.క.: అంతవరకు గంపకే దండం పెడతాండాము.

ఆదోని, 15-6-1979

శ్రీ మార్కండేయులు గారికి,

భార్య జీవించి ఉన్నచో సిపాయి పేరు ఆమే స్వయంగా వచ్చి చెప్పాలి. మీరు రాసినది చెల్లదు.

ఇట్లు, సేతుమాధవరావు

ఎమ్మిగనూరు, 28-6-1979

అయ్యా,

అమ్మను బస్సెక్కించినాను. పేరు చెప్పొచ్చినానంటుంది. మొగుని పేరు ఆమె నోట ఇంతవరకు ఎవరూ వినలేదు. మాకు నమ్మకం కుదరలేదు.

మీ మార్కండేయులు

ఆదోని, 10-7-1979

శ్రీ మార్కండేయులు గారికి,

మీ తల్లిగారు చెప్పిన పేరు ప్రకారం వెతికాము. సిపాయి వెంకటేశ్వర్లు బర్మా వెళ్లలేదు. యుద్ధం ముగిసేదాకా బళ్లారి గిడ్డంగిలో ఉన్నారు. భార్య, ఒక కొడుకు అక్కడే. చింతిస్తున్నాము.

ఇట్లు, సేతుమాధవరావు

తా.క.: మీకు అన్నగారున్నట్టు తేలింది. విలాసం కావాలంటే వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఎమ్మిగనూరు, 16-7-1979

అయ్యా,

మీ ఉత్తరం విని మా అమ్మ "నేను ముందే సెప్పలా" అని గంపను దొడ్లోకి తోసింది. రెండు దినాలు అన్నం ముట్టలేదు. ఈ వెంకటేశ్వర్లు యాడినుంచి వచ్చినాడని అడిగితే అప్పుడు బయటపడింది. మీ బల్ల ముందర చెయ్యి పైకెత్తి "కొండమీది దేవుని పేరప్పా" అనిందంట. మీరు వెంకటేశ్వర్లని రాసుకున్నారు. మా పక్క ఆ దేవుడు తిమ్మప్ప. పేరు పలుకమ్మా అని కాళ్లు పట్టుకున్నాను. గడపలోకి వచ్చి "తిమ్మప్ప" అని అరిచింది. వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయినాయి.

మీ మార్కండేయులు

తా.క.: పక్కింటి హుసేనమ్మ సాక్షి. ఎదురింటి తిమ్మప్ప "ఏమక్కా" అంటూ పరుగెత్తి వచ్చినాడు. అతనూ సాక్షే.

ఆదోని, 30-7-1979

శ్రీ మార్కండేయులు గారికి,

సాక్ష్యం చెల్లింది. మీ తండ్రిగారు మూడేళ్లూ బర్మాలోనే ఉన్నారు. ఉత్తరాల మీద విలాసం పటాలం గుమాస్తా రిజిస్టరు చూసి రాసేవాడు. భార్య పేరు గడిలో ఇలా ఉంది: "సిగ్గుపడి పేరు పలకలేదు. శ్రీశైలంలో అమ్మవారి పేరన్నాడు. భ్రమరాంబగా నమోదు."

ఎమ్మిగనూరులో భ్రమరాంబ లేదని మూడు ఉత్తరాలూ వెనక్కి పోయాయి. ఫైలులోనే ఉన్నాయి, జతచేశాను. మూడోదాని చివర "జవాబు రాయవు. అలిగినావా?" అని ఉంది. మీ అమ్మగారికి మెల్లగా చదివి వినిపించండి.

మీ అన్నగారిని రద్దు చేయడమైనది. పటాన్ని గోడకు వేయవలసిందిగా ఈ కార్యాలయం సిఫారసు చేస్తోంది.

ఇట్లు, సేతుమాధవరావు

తా.క.: నిన్న నా సర్వీసు పుస్తకం తీయించి చూశాను. భార్య పేరు గడిలో "ఇంట్లోవాళ్లు" అని ఉంది. పద్మాబాయి అని దిద్దించాను.